మాస్ట్‌కు చుట్టుకున్న తాడు: కోవళంలో ఒక ఫాయిల్ లీష్ కేస్ స్టడీ

చెన్నైకి దక్షిణాన, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదున్న కోవళంలో (కేరళలోని కోవళం కాదు) సర్ఫ్ బోర్డులూ ఫాయిల్ బోర్డులూ బాగుచేసే చిన్న షెడ్డు నడుపుతున్నాను. అడిగినవారికి వింగ్ ఫాయిలింగ్ (చేత్తో పట్టుకునే వింగ్ అనే గాలి రెక్క లాగుతుంటే, అడుగున రెక్కలున్న ఫాయిల్ బోర్డు మీద నీటికి పైన ఎగిరే ఆట) కూడా నేర్పుతాను. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున, అంతకు ముందు ఏడాది నా దగ్గరే నేర్చుకోవడం మొదలుపెట్టిన ఒక అక్క వచ్చి, సంచిలోంచి మూడు లీష్‌లు (బోర్డును మనిషికి కట్టి ఉంచే తాళ్ళు) తీసి బల్ల మీద పరిచారు. ఆమెది గూడూరు. చోళింగనల్లూరులో కాపురం, బ్యాంకులో ఉద్యోగం, వయసు 46.

"మూడు కొన్నా తమ్ముడూ. మూడూ మూడు రకాలుగా ముంచినాయి. ఏది కట్టుకోవాలో నువ్వే చెప్పు," అన్నారు.

"ఏది మంచిదో తర్వాత చూద్దాం అక్కా. ముందు ఏది ఎట్లా ముంచిందో చెప్పండి," అన్నాను. ఆమె చెప్పినదీ, ఆ తర్వాత ఎనిమిది నెలలపాటు మేమిద్దరం చేసిన మార్పులూ, అందులో నేను చేసిన పొరపాట్లూ ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆమె సామాను గురించి చెప్పాలి, ఎందుకంటే కింద వచ్చే కొలతలన్నీ దాని నుంచే పుట్టాయి. బోర్డు పొడవు 157 సెం.మీ., ఘనపరిమాణం 85 లీటర్లు. లీష్ కట్టే గుంట తోక దగ్గర పైభాగంలో ఉంది. బోర్డు అడుగున నిలువుగా దిగే అల్యూమినియం మాస్ట్ 75 సెం.మీ.; దాని అడుగున అడ్డంగా పడుకున్న ఫ్యూజలాజ్ అనే కడ్డీ, దానికి ముందు పెద్ద రెక్క, వెనక చిన్న రెక్క. ఆమె ఎత్తు 158 సెం.మీ., బరువు 58 కిలోలు. బోర్డు మీద నిలబడినప్పుడు నడుము బెల్టు డెక్కుకు (బోర్డు పైభాగానికి) సుమారు 95 సెం.మీ. ఎత్తున ఉంటుంది.

మామూలు సర్ఫింగ్‌లో లీష్ ఎంపిక పెద్ద చర్చ కాదు. బోర్డు ఎంత పొడవో దాదాపు అంత తాడు తీసుకుని వెనక కాలి చీలమండకు కట్టుకుంటే చాలావరకు పని జరిగిపోతుంది, ఎందుకంటే బోర్డు నీటి మీదే జారుతుంది కాబట్టి సడలిన తాడు వెనకాల నీటి మీద తేలుతూ వస్తుంది, దానికి తగులుకోవడానికి కింద చిన్న ఫిన్లు తప్ప ఏమీ ఉండవు. ఫాయిల్ బోర్డు అట్లా కాదు. అది వేగం అందుకోగానే నీటికి అరమీటరు పైకి లేస్తుంది. తోక మీంచి జారిపడిన తాడు నేరుగా మాస్ట్ పక్కన నీళ్ళలోకి దిగుతుంది. అంటే తాడు బిగిసినప్పుడు ఎంత బలంగా పట్టుకుంటుందన్న ప్రశ్న కంటే, సడలి ఉన్నంతసేపూ అది ఎక్కడ పడి ఉంటుందన్న ప్రశ్నే ఫాయిల్ మీద ముఖ్యమవుతుంది. ఈ కేసులో ఆమెకు జరిగిన మూడు ప్రమాదాల్లో రెండు తాడు సడలి ఉన్నప్పుడు మొదలైనవే.

లీష్ లేకుండా వెళితే సరిపోదా అని కొందరు అడుగుతారు. కోవళంలో అది తప్పు. ఇదే నీళ్ళలో జాలరుల ఫైబర్ పడవలు ఒడ్డుకు వస్తుంటాయి, ఆదివారం అయితే పిల్లలు నడుము లోతులో ఆడుకుంటుంటారు. ఫాయిల్ రెక్క అంచు వంటింటి కత్తంత పదును కాకపోయినా, అల దాన్ని విసిరినప్పుడు చర్మాన్ని చీల్చగలదు. పైగా వింగ్ ఫాయిలింగ్‌లో బోర్డు తిరగబడి గాలికి కొట్టుకుపోతే, చేతిలో వింగ్ పెట్టుకుని ఈది దాన్ని అందుకోవడం బలమైన ఈతగాడికి కూడా కష్టం. కాబట్టి కట్టుకోవాలా వద్దా అన్నది మా మధ్య చర్చకే రాలేదు.

మొదటి లీష్ సర్ఫింగ్ కోసం చేసిన తిన్నని యూరెథేన్ (రబ్బరులా సాగే ప్లాస్టిక్) తాడు: 7 మి.మీ. మందం, ఆరడుగుల పొడవు, చీలమండ పట్టీ. బల్ల మీద టేపు పెట్టి కొలిస్తే 183 సెం.మీ. ఉండాల్సిన తాడు 194 వచ్చింది. అంటే ఎన్నోసార్లు గట్టిగా లాగబడి శాశ్వతంగా సాగిపోయింది. వేళ్ళ మధ్య నుంచి మెల్లగా జార్చుకుంటూ పోతే, బోర్డు వైపు చివర నుంచి సుమారు 60 సెం.మీ. దూరంలో ఒకచోట నునుపు పోయి గరుకుగా తగిలింది; వెలుతురుకు పట్టి చూస్తే తాడు చుట్టూ సగం వరకు తెల్లని గీతలు కనిపించాయి. ఆమె మాస్ట్‌ను ఆ బల్ల మీదే పడుకోబెట్టి, తాడును లీష్ గుంట నుంచి తోక మీదుగా కిందికి వేలాడదీశాను. ఆ గీతలు సరిగ్గా మాస్ట్ సగం ఎత్తులో, వెనక అంచు మీదకు వచ్చాయి. ఆమె చెప్పిన కథకూ ఇది సరిపోయింది: "బాగా ఎగురుతున్నా, ఉన్నట్టుండి ఎవరో వెనక నుంచి కాలు పట్టుకు లాగినట్టయింది, ముందుకు పడ్డా."

ఆ లాగుడు ఎంతో లెక్క వేయవచ్చు. 7 మి.మీ. తాడు 40 సెం.మీ. మేర నీటి ప్రవాహానికి అడ్డంగా నిలిచిందనుకుందాం. గంటకు 18 కిలోమీటర్ల వేగంలో దాని మీద పడే ఒత్తిడి దాదాపు 4 కిలోల బరువుతో సమానం. వేగం రెట్టింపైతే అది నాలుగింతలవుతుంది. తాడు వదులుగా వెనక్కి వాలిపోతే ఇంత ఉండదు. కానీ మాస్ట్‌కు చుట్టుకుంటే వాలడానికి వీలుండదు, అడ్డంగానే నిలుస్తుంది. ఆ లాగుడు డెక్కుకు అరమీటరు కింద పడుతుంది కాబట్టి బోర్డు ముక్కు కిందికి దిగుతుంది, అదే క్షణంలో వెనక కాలు వెనక్కి లాగబడుతుంది. దానికి తోడు, నీటి పైభాగాన్ని చీల్చుకుంటూ కిందికి దిగిన తాడు వెంబడి గాలి కూడా మాస్ట్ మీదుగా దిగి రెక్కను చేరితే, రెక్క ఎత్తే బలం ఒక్కసారిగా పోతుంది. ఈ మూడింటిలో ఏది ముందు జరిగిందో నేను చెప్పలేను గాని, మూడూ ఒకే దిశలో మనిషిని పడేస్తాయి.

రెండో లీష్ కాయిల్. పాత ల్యాండ్‌లైన్ ఫోను తీగలాగా చుట్టలు తిరిగి ఉండే ఈ రకాన్ని ప్యాడిల్ బోర్డుల మీద ఎక్కువగా వాడతారు. మొదటిది మాస్ట్‌కు చుట్టుకుంది కాబట్టి, నీళ్ళను తాకకుండా డెక్కు మీదే ఉండిపోయే తాడు కావాలనుకుని ఆమె దీన్ని కొన్నారు. ఆలోచనలో తప్పేమీ లేదు, ప్రశాంతమైన నీళ్ళలో అది నిజంగానే బాగా పనిచేసింది. కానీ ఒక సాయంత్రం సముద్రంలో, అల విరిగేచోట పడ్డప్పుడు, అల బోర్డును ఒడ్డు వైపు ఈడ్చుకుపోయి చుట్టలన్నీ విప్పేసింది. అల దాటగానే అదే తాడు బోర్డును అంతే వేగంగా తిరిగి ఆమె వైపు లాక్కొచ్చింది. వెనక రెక్క అంచు పిక్కకు తగిలి నాలుగు కుట్లు పడ్డాయి.

సాగే తాడు బోర్డును వెనక్కి విసరడం కొత్త సంగతి కాదు. సర్ఫ్ లీష్‌ల తొలినాళ్ళలో, 1971లో, కాలిఫోర్నియాలో వెట్‌సూట్ల తయారీదారు జాక్ ఓనీల్ ఎడమ కంటిచూపు పోయింది ఇలాంటి ఎదురుదెబ్బతోనే. ఆ రోజుల్లో తాడుగా ఆసుపత్రి రబ్బరు గొట్టం వాడేవారు, అది బోర్డును వెనక్కి ముఖానికి కొట్టింది. ఆ తర్వాత తక్కువ సాగే యూరెథేన్ తాళ్ళు వచ్చాయి. కాయిల్ రూపంలో చుట్టినప్పుడు అదే యూరెథేన్ మళ్ళీ స్ప్రింగులా మారుతుంది. అప్పుడు బోర్డు కింద రెక్కలు లేవు, ఇప్పుడు ఉన్నాయి, తేడా అంతే.

మాటల్లో చెప్పడం కంటే చూపడం మేలని, ఫాయిల్ విప్పేసిన బోర్డును ముట్టుకాడు ఉప్పుటేట్లో మోకాలి లోతు నీళ్ళలో పెట్టి, కాయిల్ చివర నేను పట్టుకుని, ఆమెను బోర్డును వీలైనంత దూరం లాగి వదలమన్నాను. వదిలిన బోర్డు నన్ను దాటిపోయి ఆగింది. అదే తిన్నని తాడుతో చేస్తే సగం దారిలో ఆగిపోయింది. "ఫాయిల్ ఉన్నట్టయితే మీ మోకాళ్ళు పోయేవి తమ్ముడూ," అన్నారు ఆమె. ఆ తర్వాత కాయిల్ గురించి నేను విడిగా వివరించాల్సిన అవసరం రాలేదు.

మూడోది నడుము లీష్. వింగ్ ఫాయిలింగ్ చేసేవారిలో చాలామంది ఇప్పుడు దీన్ని వాడుతున్నారు. తాడు కాలి దగ్గర కాకుండా నడుము ఎత్తు నుంచి బయలుదేరుతుంది కాబట్టి సడలు నీళ్ళలో పడే అవకాశం తక్కువ, ముందు ఉన్న ఎర్ర గుండు లాగితే బెల్టు మొత్తం ఊడిపోతుంది కాబట్టి చిక్కుకున్నా విడిపించుకోవచ్చు. సూత్రం బాగుంది. కానీ అది ఆమెను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

ముట్టుకాడు ఉప్పుటేట్లో గాలి నిలకడగా, నీళ్ళు అలలు లేకుండా ఉంటాయి. మా నెల్లూరు జిల్లా మీదుగా వచ్చే బకింగ్‌హాం కాలువ ఈ నీటిని తాకుతూనే దక్షిణానికి సాగుతుంది. నేర్చుకోవడానికి మంచి చోటే గాని, వలలు కట్టే వెదురు గుంజలు అక్కడక్కడ ఉంటాయి, కొన్ని నీటిమట్టానికి కిందే విరిగి ఉంటాయి. జనవరిలో ఆమె పడ్డప్పుడు తాడు అలాంటి ఒక గుంజకు తగులుకుంది. గాలి వింగ్‌ను ఒకవైపు లాగుతోంది, తాడు మరోవైపు బిగిసింది. ఆమె గుండు కోసం బొడ్డు దగ్గర తడుముకున్నారు. అది అక్కడ లేదు. లాగుడుకు బెల్టు డొక్కల మీదికి జారి, సగం తిరిగి, గుండు వీపు వైపు పోయింది. నీళ్ళు ఛాతీ లోతే కాబట్టి నిలబడి, ఊపిరి తీసుకుని, మెల్లగా బెల్టును తిప్పుకుని విడిపించుకున్నారు. లోతు ఉంటే ఏమయ్యేదో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈ మూడు విన్న తర్వాత నాకు అనిపించింది ఇది: బెల్టే సరైన చోటు, కానీ ఆ బెల్టు ఆమె ఒంటి మీద నిలవాలి, తిన్నని తాడే సరైన తాడు, కానీ దాని సడలును ఎక్కడో ఒకచోట దాచిపెట్టాలి. దీనికి ముందు పొడవు తేల్చుకోవాలి.

పొడవుకు రెండు హద్దులున్నాయి. దగ్గరి హద్దు నిలబడినప్పటిది: బెల్టు డెక్కుకు 95 సెం.మీ. పైన, లీష్ గుంటకు సుమారు 60 సెం.మీ. ముందు ఉంటుంది, కాబట్టి ఏటవాలు దూరం 112 సెం.మీ. వస్తుంది. మామూలు కదలికకు ఇంకో 15 నుంచి 20 కలిపితే 130 చాలు. దూరపు హద్దు పడినప్పటిది, ఇది చాలామంది లెక్కలోకి తీసుకోరు. లీష్ గుంట నుంచి ముందు రెక్క కొసకు ఎంత దూరమో బోర్డును తిరగేసి దారంతో కొలిచాను: దాదాపు 110 సెం.మీ. అంటే బోర్డు ఎటు తిరిగినా, తాడు చివర ఉన్న ఆ గుంట చుట్టూ 110 సెం.మీ. మేర ఎక్కడైనా రెక్క తగలవచ్చు. ఆమె బెల్టు నుంచి పాదాలు మరో 95 సెం.మీ. రెండూ కలిపితే 205. తాడు పూర్తిగా చాచుకున్నప్పుడు ఇంతకు తక్కువైతే, అల బోర్డును లాగి పట్టిన క్షణంలో కూడా రెక్క ఆమె కాళ్ళకు అందే దూరంలో ఉంటుంది. కాబట్టి నిలబడినప్పుడు 130, పడినప్పుడు 205 పైన ఉండే తాడు కావాలి. దుకాణంలో దొరికే ఏ తిన్నని తాడూ రెండూ కాలేదు. కాయిల్ అవుతుంది గాని స్ప్రింగు అవుతుంది.

నేను మొదట ఎంచుకున్నది మధ్యదారి. పొట్టి కాయిల్ ఒకటి తీసుకుని, దాన్ని బెల్టు వైపు పెట్టి, బోర్డు వైపు 60 సెం.మీ. సాగని పాలియెస్టర్ తాడు కలిపాను. తాడు కాశిమేడు రేవు దగ్గర వలల సామాన్ల దుకాణంలో కొన్నదే. నైలాన్ తడిస్తే బలం కొంత తగ్గి సాగుతుంది, పాలియెస్టర్ అట్లా కాదు, ఎండకు కూడా మెరుగ్గా ఓర్చుకుంటుంది. యూరెథేన్ తాడును కోసి అతకడం మాత్రం ఎన్నడూ చేయను, వేడితో అతికిన చోట అది నమ్మదగింది కాదు. రెండు చివర్లా కంపెనీ వేసిన స్వివెల్‌తో (తాడు మెలిపడకుండా తిరిగే కీలు) సహా వాడుకోవాలి. ఈ జత ఉప్పుటేట్లో చక్కగా పనిచేసింది, తాడు ఒక్కసారీ నీళ్ళు తాకలేదు. ఏప్రిల్‌లో సముద్రంలోకి తీసుకెళ్ళాం. రెండో అలకే, కాయిల్ పొట్టిదైనా, బోర్డు మళ్ళీ ఆమె వైపు వచ్చి చేతి పొడవు దూరంలో ఆగింది. గాయం కాలేదు. ఒడ్డుకు రాగానే నేనే దాన్ని విప్పేశాను. మధ్యదారి ఉంటుందనుకోవడం నా పొరపాటు. స్ప్రింగు చిన్నదైనా స్ప్రింగే.

రెండో ప్రయత్నంలో తిన్నని తాడుకే తిరిగి వచ్చాను. 7 మి.మీ. కొత్త యూరెథేన్ తాడు, బెల్టు నుంచి గుంట వరకు కట్టులన్నీ కలుపుకుని 210 సెం.మీ. సడలును దాచడానికి తాడులో ఒక మడత వేశాను. నడుము దగ్గర, తాడు మీద 80 సెం.మీ. ఎడంతో రెండు చోట్ల గుర్తు పెట్టి, ఆ రెండు చోట్లను దగ్గరకు తెచ్చి సన్నని 3 మి.మీ. ఎలాస్టిక్ తాడుతో కలిపితే, మధ్యలోని తాడు ఉరిలాగా మడతపడి తొడ పక్కన వేలాడుతుంది. మడత పొడవు 40 సెం.మీ. మించదు కాబట్టి డెక్కును కూడా తాకదు. పడినప్పుడు ఎలాస్టిక్ తేలికగా సాగి మడత విప్పేస్తుంది. ఆ తర్వాత భారం మోసేది తిన్నని తాడే. ఎలాస్టిక్ ఎంత బలహీనంగా ఉంటే అంత మంచిది, దాని పని మడతను పట్టి ఉంచడం మాత్రమే.

ఎలాస్టిక్‌ను తాడుకు కట్టడంలోనే నాకు ఎక్కువ సమయం పట్టింది. యూరెథేన్‌కు చిల్లు పెట్టకూడదు. చిన్న గాటు పడినా సాగినప్పుడు అక్కడి నుంచే చిరుగుతుంది. నేరుగా ముడి వేస్తే నున్నని తాడు మీద జారిపోతుంది. చివరకు పాత సైకిల్ ట్యూబును రెండు వేళ్ళ వెడల్పు ముక్కలుగా కోసి, తాడు చుట్టూ బిగుతుగా మూడు చుట్లు చుట్టి, దాని మీద మైనం పట్టిన దారంతో పక్కపక్కనే ఇరవై చుట్లు వేసి, ఆ దారానికి ఎలాస్టిక్‌ను కట్టాను. రబ్బరు మెత్తగా నొక్కుకుని పట్టు ఇస్తుంది, యూరెథేన్‌ను కొరకదు. మడతలో వేలు గాని పాదం గాని దూరకుండా మొత్తం మీద ఒక పాత లైక్రా చొక్కా చేతిని గొట్టంలా తొడిగాను. అది కొంచెం వదులుగా ఉండాలి. మొదట బిగుతుగా తొడిగితే మడత విచ్చుకోవడానికే నిరాకరించింది.

బెల్టు విషయంలో నా అసలు పొరపాటు జరిగింది. బెల్టు డొక్కల మీదికి జారకుండా, ఆమె వేసుకునే ఇంపాక్ట్ వెస్ట్ (దెబ్బలు తగలకుండా ఒంటికి తొడిగే మందపాటి చొక్కా) అడుగు అంచున మూడు చోట్ల నవారు ఉచ్చులు కుట్టించి, వాటి గుండా బెల్టు దూర్చాను. స్కూలు సంచులు కుట్టే ఒక పెద్దాయన దగ్గర మందపాటి మిషను ఉంది. ఆయన ఒక్కో ఉచ్చుకు అడ్డంగా నాలుగు వరుసలు కుట్టారు, లాగి చూస్తే రాయిలా ఉంది. బెల్టు ఇక జరగలేదు, తిరగలేదు, గుండు బొడ్డు దగ్గరే నిలిచింది. సంతోషించాను.

నీళ్ళలోకి దిగేముందు షెడ్డులోనే పరీక్ష పెట్టాను. తాడును దూలానికి కట్టి, ఆమెను వెనక్కి వాలమని, బరువంతా తాడు మీద ఉండగా కళ్ళు మూసుకుని గుండు లాగమన్నాను. గుండు ఊడింది, బకిల్ తెరుచుకుంది, బెల్టు మాత్రం రెండో ఉచ్చులో ఇరుక్కుని ఆగిపోయింది. బెల్టు చివర మడిచి కుట్టిన మందపాటి భాగం ఉచ్చులోంచి దూరలేదు. అంటే నేను చేసిన పని విడుదలయ్యే బెల్టును విడుదల కాని బెల్టుగా మార్చింది. ఉప్పుటేట్లో గుంజ దగ్గర ఇది జరిగి ఉంటే, గుండు చేతికి అందినా లాభం ఉండేది కాదు. బయటి నుంచి చూస్తే మా కుట్టు ఎంతో భద్రంగా కనిపించింది, అందుకే ఈ సంగతి ఇంత వివరంగా రాస్తున్నాను.

సరిచేయడం రెండు దశల్లో జరిగింది. బెల్టు చివరి మడత కుట్టు విప్పేసి, కొసను ఏటవాలుగా కోసి, వేడి కత్తితో అంచు కరిగించి, ఒకే పొర మందం ఉండేలా చేశాం. తర్వాత కుట్టిన ఉచ్చులను కోసేసి, వాటి చోట వెల్క్రోతో మూసుకునే పట్టీలు పెట్టించాం. వెల్క్రో పొరల వెంబడి లాగితే గట్టిగా నిలుస్తుంది, ఒక అంచు నుంచి ఒలిచినట్టు లాగితే సులువుగా వదిలేస్తుంది. బెల్టు పైకి జారాలని చూస్తే మొదటి రకం లాగుడు, విడుదలైన బెల్టు వెనక్కి పోతూ లాగితే రెండో రకం. మళ్ళీ దూలానికి కట్టి, నిటారుగా, పక్కకు వాలి, బోర్లా పడుకుని, మొత్తం ఇరవై సార్లు విడుదల చేయించాను. ఇరవైసార్లూ ఊడింది. ఆ తర్వాత ఛాతీ లోతు నీళ్ళలో, నేను తాడు లాగి పట్టుకుని ఉండగా, తల నీళ్ళలో ముంచి ఆరుసార్లు చేశారు. కుడిచేయి వింగ్ పట్టుకుని ఉండవచ్చు కాబట్టి మూడుసార్లు ఎడమచేత్తో చేయించాను.

వింగ్ లీష్‌ను కూడా ఇదే బెల్టుకు కలపమని ఆమె అడిగారు. వద్దన్నాను. ఒకే గుండు లాగితే బోర్డు, వింగ్ రెండూ పోతాయి. ఏదో ఒకటి తేలే వస్తువు చేతిలో మిగలాలి. వింగ్ మణికట్టుకే ఉంది.

లీష్ గుంట దగ్గరి చిన్న తాడు గురించి ఒక మాట. ఈ నాలుగు వేళ్ళ పొడవు దారపు ఉచ్చును చాలామంది పట్టించుకోరు. అది పొడవెక్కువైతే భారం పడినప్పుడు తోక అంచు మీద రాపాడి బోర్డునూ కోస్తుంది, తనూ తెగుతుంది. ఆమెది అంచు దాటి వేలాడుతోంది. 4 మి.మీ. పాలియెస్టర్‌తో కొత్తది వేసి, ముడి గుంట లోపలే కూర్చునేలా, లీష్ వెడల్పు పట్టీ మాత్రమే అంచును తాకేలా కట్టాను.

మే నుంచి సెప్టెంబరు చివరి వరకు ఆమె దీన్ని వాడారు. ఎక్కువగా సముద్రపు గాలి నిలదొక్కుకున్న మధ్యాహ్నాల్లో, శని ఆదివారాలు. ప్రతి రోజూ ఇంటికి వెళ్ళాక ఒక నోటు పుస్తకంలో పడినన్ని సార్లు, తాడు ఎక్కడ ఉందో రెండు మాటలు రాయమన్నాను. బ్యాంకు మనిషి కాబట్టి తేదీ, గాలి, అల అన్నీ గళ్ళు గీసి రాశారు. మాస్ట్‌కు తాడు చుట్టుకున్నట్టు ఆ పుస్తకంలో ఒక్కసారీ లేదు. బోర్డు చేతికి అందే దూరం వరకు వెనక్కి వచ్చినట్టు రెండుసార్లు ఉంది. రెండూ జూలైలో, అలలు పెద్దగా ఉన్న రోజుల్లో, తాడు లాగినందువల్ల కాక తర్వాతి అలే బోర్డును ఆమె మీదికి తోసినందువల్ల జరిగినవి. దానికి ఏ లీష్ కూడా మందు కాదు. పడగానే తల చేతుల మధ్య కప్పుకుని, నీళ్ళలోంచి లేచేముందు ఒక చేయి పైకి చాచి బోర్డు ఎక్కడుందో తడమడమే మార్గం, ఆ అలవాటు ఆమెకు చేయించాను.

లోపాలు కూడా పుస్తకంలో ఉన్నాయి. ఎలాస్టిక్ ఐదు వారాలకే బిగువు కోల్పోయి మడత కిందికి జారింది, ఎండా ఉప్పూ కలిసి దాన్ని త్వరగా తినేస్తాయి. అప్పటి నుంచి ప్రతి నెల మొదటి ఆదివారం మార్చుతున్నాం. వెల్క్రోలో ఇసుక చేరి పట్టు తగ్గింది. పాత టూత్ బ్రష్‌తో మంచినీళ్ళలో తోమితే తిరిగి వచ్చింది. బోర్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని లేచేటప్పుడు మడత గొట్టం ఒక్కోసారి తొడకూ పిక్కకూ మధ్య నలుగుతోందని రాశారు. దీనికి నాకింకా మంచి ఉపాయం దొరకలేదు; గొట్టాన్ని బెల్టు వెనక మధ్యకు జరిపితే తగ్గింది, పోలేదు.

ఈ కొలతలు ఆమెవి. అదే షెడ్డులో ఆగస్టులో 182 సెం.మీ. ఎత్తున్న ఒక కుర్రాడికి ఇదే పద్ధతిలో చేసినప్పుడు, 85 సెం.మీ. మాస్ట్, ఇంకా వెడల్పైన రెక్కతో దూరపు హద్దు 235 దాటింది, మడత 95 అయింది, అంత మడత తొడ పక్కన పట్టక రెండు చిన్న మడతలుగా వేయాల్సి వచ్చింది. కాబట్టి ఎవరైనా ఈ అంకెలను కాకుండా, గుంట నుంచి రెక్క కొసకు దారం పట్టి తమ కొలత తాము తీసుకోవాలని కోరుతున్నాను.

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలకు సముద్రం కలవరపడుతుంది కాబట్టి ఆమె ఆపేశారు. ఆ నెల మూడో వారంలో సామాను మొత్తం షెడ్డుకు తెప్పించి విప్పి చూశాను. ట్యూబు ముక్కల కింద యూరెథేన్ నున్నగా, కొత్తదానిలా ఉంది. బెల్టు కుట్లలో ఉప్పు పలుకులు కట్టాయి గాని దారం తెగలేదు. బోర్డు వైపు స్వివెల్ మాత్రం తిప్పుతుంటే గరగరమంది, దానికి నాలుగు వేళ్ళ దూరంలో తాడు మీద గోటి మొన కూడా పట్టనంత చిన్న గాటు కనిపించింది. వేలితో వంచితే గాటు నోరు తెరిచింది. "ఇంత చిన్నదానికి పారెయ్యాల్నా తమ్ముడూ?" అన్నారు ఆమె. ఆ రెండు చివర్లు ఆమె చేతులకిచ్చి లాగమన్నాను, గాటు రెట్టింపయింది. ఆమే కత్తెర తీసుకుని తాడును మధ్యకు కోసి, మళ్ళీ ఎవరూ వాడకుండా పక్కన పడేశారు. సంక్రాంతి తర్వాత నీళ్ళలోకి దిగడానికి కొత్త తాడు కట్టి గోడకు తగిలించాను: 208 సెం.మీ., మడత 78.